న్యూట్రల్ లింకుకీ ఎర్త్ బార్‌కీ మధ్య జంపర్, ఇంకా కొన్ని అర్థంకాని వైర్లు: ఈ డీబీలో ఏం చేశారో చెప్పగలరా?

పాత_బోర్డు (ప్రశ్న)

నమస్కారమండీ. పాత ఇంటి డీబీ (కరెంటు పంపిణీ బోర్డు) గురించి సలహా కావాలి. సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. ఎడమ నుంచి వరుసగా 63 ఆంపియర్ల డబుల్ పోల్ ఐసోలేటర్ (మెయిన్ స్విచ్చు), 40 ఆంపియర్ల 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే పడిపోయే స్విచ్చు), ఆ తర్వాత ఆరు సింగిల్ పోల్ ఎంసీబీలు (కరెంటు పరిమితి మించితే పడిపోయే స్విచ్చులు):

1 – నీళ్ల మోటారు, 10 ఆంపియర్లు
2 – కింది లైట్లు, ఫ్యాన్లు, 6 ఆంపియర్లు
3 – పై లైట్లు, ఫ్యాన్లు, 6 ఆంపియర్లు
4 – సాకెట్లు, 16 ఆంపియర్లు
5 – గీజర్, 20 ఆంపియర్లు
6 – ఏసీ, 20 ఆంపియర్లు

ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. మెయిన్ ఆపి మూత తీస్తే ఇవి కనబడ్డాయి.

అ) ఆర్‌సీసీబీ తర్వాత ఉన్న న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి ఎర్త్ బార్‌కు (ఎర్త్ వైర్లన్నీ కలిసే పట్టీకి) జానెడు నల్ల వైరు, అంటే జంపర్, బిగించి ఉంది.

ఆ) 2 నుంచి 6 దాకా ఎంసీబీలకు ఫేజ్ ఆర్‌సీసీబీ అవుట్‌పుట్ నుంచి బస్‌బార్ పట్టీ ద్వారా వస్తోంది. 1వ దానికి మాత్రం పట్టీ తగలకుండా కత్తిరించి, ఐసోలేటర్ నుంచి విడిగా ఎర్ర వైరు ఇచ్చారు. మోటారు న్యూట్రల్ కూడా లింకులో లేదు. ఆర్‌సీసీబీకి ఇన్‌పుట్ న్యూట్రల్ వచ్చే స్క్రూ కిందే దాన్నీ దూర్చారు. అక్కడ వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగింది.

ఇ) 4వ ఎంసీబీ కింద ఒకే టెర్మినల్‌లో రెండు వైర్లు: 2.5 స్క్వేర్ ఎంఎం ఎరుపు, 1.0 పసుపు.

ఈ) 6వ ఎంసీబీలో నల్ల వైరు, కొసన ఎర్ర టేపు.

ఉ) ఒక పసుపు వైరు దేనికీ కలపకుండా, కొసకు టేపు చుట్టి మూలకు తోసి ఉంది. మెయిన్ వేసినప్పుడు టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతుంది. డిజిటల్ మల్టీమీటర్‌లో న్యూట్రల్‌కూ దానికీ మధ్య 84 వోల్టులు.

ఇబ్బందులు రెండు. గీజర్ గానీ ఏసీ గానీ వేస్తే ఆర్‌సీసీబీ తరచూ పడిపోతుంది. సాయంత్రాలు ఒక్కోసారి పెద్ద లోడు ఏదీ లేకుండానే పడుతుంది. లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసినా మామూలుగా నిలబడుతుంది.

రెండోది: 2వ ఎంసీబీ ఆపి, కింది హాల్లో సీలింగ్ ఫిట్టింగ్ విప్పి, అందులో న్యూట్రల్ జాయింటు విడదీశాం. వెంటనే మెట్ల లైటు ఆరిపోయింది. విడదీసిన నల్ల వైర్లలో ఒకదానికి టెస్టర్ నిండుగా వెలిగింది. ఎంసీబీ ఆపాక న్యూట్రల్‌లో కరెంటు ఎలా వస్తుంది?

ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తున్నాం. ఆయనతో ఏం కొలిపించాలో, ఏది ముందు చేయించాలో తెలుసుకోవాలని ఈ ప్రశ్న.

రాగి_తీగ

తేలికైనవి ముందు చెబుతాను.

ఈ) ఎర్ర టేపు ఉన్న నల్ల వైరు తప్పేమీ కాదు. ఎర్ర వైరు లేక నల్లదాన్ని ఫేజ్‌గా వాడి, ఆ సంగతి తెలిసేలా టేపు చుట్టారు. ఏసీ వైపు కొసకు కూడా ఎర్ర టేపు ఉందో లేదో చూడండి. లేకపోతే అక్కడ పనిచేసేవాళ్లు దాన్ని న్యూట్రల్ అనుకుంటారు. రంగును ఎప్పుడూ సాక్ష్యంగా తీసుకోకండి. కొన్ని దేశాల్లో నలుపే ఫేజ్, తెలుపు న్యూట్రల్. ఇంకొన్నిచోట్ల గోధుమరంగు ఫేజ్, నీలం న్యూట్రల్. మీటరు ఏం చెబితే అదే.

ఉ) 84 వోల్టుల పసుపు వైరు చాలావరకు వదిలేసిన వైరే అయి ఉంటుంది. పైపులో ఫేజ్ వైరు పక్కన పొడవునా పడి ఉన్న ఖాళీ వైరుకు కెపాసిటెన్స్ వల్ల కొంత వోల్టేజీ అంటుతుంది. డిజిటల్ మీటరు లోపలి నిరోధం సుమారు 10 మెగాఓములు కాబట్టి ఆ కాస్తనూ చూపిస్తుంది. నియాన్ టెస్టర్ వెలగడానికి కూడా అది చాలు. తేల్చుకోవాలంటే తక్కువ ఇంపెడెన్స్ (లోపలి నిరోధం తక్కువగా ఉండే) సెట్టింగు ఉన్న మీటరుతో గానీ, రెండు మొనల వోల్టేజ్ టెస్టర్‌తో గానీ కొలవాలి. వోల్టేజీ కుప్పకూలి సున్నా దగ్గరకు వస్తే అది అంటుకున్నదే. 230 దగ్గర నిలబడితే ఎక్కడో ఫేజ్‌కు కలిసి ఉంది. సున్నా వచ్చినా సరే, రెండో కొస దొరికేదాకా దాన్ని కరెంటు ఉన్న వైరుగానే చూడండి. టేపు తీసేసి మూసి ఉండే కనెక్టర్‌లో బిగించి, చీటీ కట్టండి.

ఇ) ఇది నిజంగా మార్చాల్సింది. ఒకే స్క్రూ కింద లావు వైరు, సన్న వైరు పెడితే ఒత్తిడంతా లావు దాని మీదే పడుతుంది, సన్నది వదులుగా మిగులుతుంది. అంతకన్నా పెద్ద సమస్య వేరే ఉంది. పైపులో వెళ్లే 1.0 రాగి పీవీసీ వైరు 30 డిగ్రీల పరిసరాల్లో 13.5 ఆంపియర్లు మోస్తుంది, 40 డిగ్రీలుంటే 11.7. దాని పైన ఉన్నది 16 ఆంపియర్ల ఎంసీబీ. ప్రమాణం ప్రకారం 16 ఆంపియర్ల ఎంసీబీ 18 ఆంపియర్ల దగ్గర గంటసేపు పడకుండా ఉండాలి, 23 దాటితేనే గంటలోపు పడాలి. అంటే ఆ పసుపు వైరు ఉడికిపోతున్నా ఎంసీబీ చూస్తూ ఊరుకుంటుంది.

అ) జంపర్ వెంటనే పీకేయండి. ఆర్‌సీసీబీ తర్వాత న్యూట్రల్, ఎర్త్ ఎక్కడా కలవకూడదు. ట్రిప్పింగు మొత్తం దాని వల్లే.

మెగ్గర్_500

పై జవాబులో మూడు వైర్ల గురించి చెప్పింది సరిగ్గా ఉంది. జంపర్ తీయాలన్నదీ నిజమే. కానీ వెంటనే కాదు. ఈ బోర్డులో అది ముందు చేయాల్సిన పని కాదు. ముందు చేయాల్సింది 1వ ఎంసీబీ ఆపి, మోటారు వాడకుండా ఉంచడం. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ట్రిప్పింగు లెక్కతో మొదలుపెడదాం. మీ న్యూట్రల్ బయట ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లే దారిలో 0.4 ఓములు ఉందనుకోండి. ఇతరుల లోడ్ల వల్ల ఆ న్యూట్రల్ భూమితో పోలిస్తే ఎప్పుడూ ఒకటి రెండు వోల్టుల పైన ఉంటుంది. 2 వోల్టులు అనుకుందాం. జంపర్ ఉంది కాబట్టి ఆ వోల్టేజీ మీ ఎర్త్ గొయ్యి మీద పడి, ఆర్‌సీసీబీ న్యూట్రల్ పోల్ గుండా కొంత కరెంటును భూమిలోకి తోస్తుంది. ఫేజ్ పోల్‌లో దానికి జత ఉండదు. ఆర్‌సీసీబీ చూసేది ఆ తేడానే. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 15కూ 30కీ మధ్య ఎక్కడైనా పడవచ్చు.

ఎర్త్ నిరోధం 200 ఓములైతే:

లైట్లు, ఫ్యాన్లు, 1 ఆంపియర్: 2 + 0.4 = 2.4 వోల్టులు, 12 మిల్లీఆంపియర్లు. నిలబడుతుంది.
2 కిలోవాట్ల గీజర్, 8.7 ఆంపియర్లు: 2 + 3.5 = 5.5 వోల్టులు, 27 మిల్లీఆంపియర్లు. పడుతుంది.
సాయంత్రం అందరి లోడూ పెరిగి న్యూట్రల్ 4 వోల్టులకు లేస్తే: మీరు ఏమీ వేయకపోయినా 20 మిల్లీఆంపియర్లు. పడొచ్చు, పడకపోవచ్చు.

మీరు చెప్పిన లక్షణాలకు ఇది అచ్చంగా సరిపోతుంది. ఇప్పుడు ఇదే లెక్కను తిరగేసి చూడండి. ఎర్త్ బాగుండి 2 ఓములే ఉంటే, 2 వోల్టులకే 1 ఆంపియరు పారేది, మీ ఆర్‌సీసీబీ ఒక్క క్షణం కూడా నిలబడేది కాదు. జంపర్ ఉండగా అది ఇన్నాళ్లు నిలబడుతోందంటే మీ ఎర్త్ చాలా బలహీనంగా ఉందని అర్థం, వందల ఓముల్లో. బహుశా జంపర్ వేసిన కారణమూ అదే. ఎర్త్ అందడం లేదని న్యూట్రల్ నుంచే ఎర్త్ ఇచ్చేశారు.

అలా ఇవ్వడం వల్ల రెండు నష్టాలు. ఒకటి, ఇప్పుడు మీరు పడుతున్న ఉత్తుత్తి ట్రిప్పింగు. రెండోది దీనికి పూర్తిగా ఎదురు: గీజర్ ఎలిమెంటు నిజంగా లీకైతే ఆ కరెంటు ఎర్త్ వైరు, ఎర్త్ బార్, జంపర్ మీదుగా న్యూట్రల్‌లోకి వచ్చి ఆర్‌సీసీబీ గుండానే వెనక్కి పోతుంది. వెళ్లింది, వచ్చింది దాదాపు సమానం కాబట్టి ఆర్‌సీసీబీకి లీకు కనబడదు. పడకూడనప్పుడు పడుతూ, పడాల్సినప్పుడు పడని స్థితి ఇది. టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది కదా అని భరోసా పెట్టుకోవద్దు. ఆ బటన్ లోపలి రెసిస్టర్ ద్వారా తేడా సృష్టిస్తుంది, ఎర్త్‌తో దానికి సంబంధం లేదు. మెకానిజం కదులుతోందని మాత్రమే అది చెబుతుంది.

ఇక మోటారు సంగతి. ఫేజూ న్యూట్రలూ రెండూ ఆర్‌సీసీబీకి ముందు నుంచే తీసుకున్నారు. ఒక్క ఫేజే మార్చి ఉంటే మోటారు వేయగానే ఆర్‌సీసీబీ పడేది, ఆ సంగతి తెలిసే రెండూ మార్చారు. అంటే మోటారు లీకవుతోంది, దాన్ని బాగుచేయకుండా ఆర్‌సీసీబీని తప్పించారు అనుకోవాలి. నీళ్ల దగ్గర ఉండే యంత్రానికే రక్షణ లేదు.

మోటారు బాడీకి ఫేజ్ పూర్తిగా తగిలిందనుకోండి. జంపర్ లేకపోతే 230 వోల్టులు, 200 ఓముల ఎర్త్: 1.15 ఆంపియర్లు. 10 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కే కాదు, ఎప్పటికీ పడదు. ఆర్‌సీసీబీ దారిలో లేదు. ఎర్త్ బార్ ఉమ్మడిది కాబట్టి ఒక్క మోటారే కాదు, గీజర్, ఏసీ, ఫ్రిజ్, ఎర్త్ ఉన్న ప్రతి లోహపు బాడీ దాదాపు 230 వోల్టులకు చేరి అలాగే ఉండిపోతుంది. రాగి_తీగ గారు చెప్పినట్టు జంపర్ ఒక్కటే తీసేస్తే వచ్చే స్థితి ఇదీ.

జంపర్ ఉంచితే సురక్షితమా అంటే అదీ కాదు. అప్పుడు లోపం కరెంటు జంపర్ మీదుగా ఆర్‌సీసీబీ న్యూట్రల్ పోల్‌లోకి వస్తుంది, ఆర్‌సీసీబీ పడుతుంది, దానితో న్యూట్రల్ పోల్ కూడా తెరుచుకుంటుంది. జంపర్ దారి అక్కడితో తెగింది. మోటారుకు మాత్రం ఫేజ్ అందుతూనే ఉంటుంది. లోపం గట్టిదైతే ఎంసీబీ ముందే పడొచ్చు, మెత్తని లోపమైతే పడదు.

అందుకే వరుస ఇలా ఉండాలి. 1వ ఎంసీబీ ఇప్పుడే ఆపి టేపు వేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చాక ముందు ఎర్త్ కొలవాలి, తర్వాత మోటారును ఆర్‌సీసీబీ కిందికి తేవాలి, ఆ తర్వాతే జంపర్ తీయాలి. జంపర్ తీసి మెయిన్ వేసే ముందు ఎర్త్ బార్ నుంచి అసలు ఎర్త్ వైరు గొయ్యి దాకా తెగకుండా వెళ్తోందో లేదో చూడాలి. కొన్ని పాత ఇళ్లలో బార్ నుంచి బయటికి వైరే ఉండదు, జంపర్ ఒక్కటే ఎర్త్.

పని మొదలుపెట్టే ముందు ఇంకో మాట. ఐసోలేటర్ ఆపినా మీటరు నుంచి దాని పైకి వచ్చే రెండు స్క్రూల దగ్గర కరెంటు ఉంటుంది. ఇన్వర్టర్ ఉంటే దాని లైను కూడా విడిగా బతికే ఉంటుంది. టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని చూసి, తర్వాత పనిచేసే చోట ఫేజ్–న్యూట్రల్, ఫేజ్–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్ మూడూ చూసి, మళ్లీ కరెంటు ఉన్నచోట పెట్టి చూడాలి. ఫొటోలు తీసి, ప్రతి వైరుకూ నంబరు అంటించాకే స్క్రూ విప్పాలి.

ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి ఎర్త్ పరీక్షించే పద్ధతి ఈ ఇంట్లో అస్సలు వద్దు. ఎర్త్ 200 ఓములుంటే ఆ బల్బు వెలిగినంతసేపూ ఇంట్లోని బాడీలన్నింటికీ 60, 70 వోల్టులు ఎక్కుతాయి. ఎర్త్ తెగిపోయి ఉంటే మొత్తం 230. లూప్ టెస్టర్ (ఎర్త్ దారి నిరోధం కొలిచే మీటరు) తెప్పించండి.

క్లాంప్_మీటర్

మెట్ల లైటు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. అది అరువు న్యూట్రల్.

మెట్ల లైటుకు కిందొకటి, పైనొకటి టూ-వే స్విచ్చులు ఉంటాయి కదా. ఫేజ్‌ను పై స్విచ్‌బోర్డు నుంచి, అంటే 3వ ఎంసీబీ నుంచి తీసుకున్నారు. న్యూట్రల్‌ను మాత్రం దగ్గరలో ఉన్న కింది హాలు ఫిట్టింగు నుంచి, అంటే 2వ సర్క్యూట్ నుంచి లాగారు. పైపులో ఒక వైరు మిగుల్చుకోవడానికి చేసే పని ఇది. మీరు 2వ ఎంసీబీ ఆపారు, అది సింగిల్ పోల్ కాబట్టి ఫేజ్‌ను మాత్రమే తెంచింది. 3వది వేసే ఉంది, మెట్ల లైటు వెలుగుతూనే ఉంది, దాని కరెంటు మీరు విప్పిన న్యూట్రల్ జాయింటు గుండా తిరిగి వస్తోంది. జాయింటు విడదీయగానే లైటు ఆరింది. లైటు వైపున్న కొస బల్బు ద్వారా ఫేజ్‌కు కలిసి ఉంది కాబట్టి 230 వోల్టులకు లేచింది. టెస్టర్ నిండుగా వెలిగింది అందుకే. రెండు కొసలనూ రెండు చేతులతో పట్టుకుంటే షాక్ ఫేజ్–న్యూట్రల్ మధ్య కొడుతుంది, అప్పుడు ఎంత మంచి ఆర్‌సీసీబీ అయినా పడదు.

కొలిచి నిర్ధారించుకోవడం ఇలా. డీబీ దగ్గర 3వ సర్క్యూట్ ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టుకొని కరెంటు కొలిచేది) దవడల్లో పెట్టాలి. ఆరోగ్యంగా ఉన్న సర్క్యూట్‌లో వెళ్లేదీ వచ్చేదీ రద్దయి సున్నా చూపిస్తుంది. మెట్ల లైటు వేయగానే సున్నా కాకుండా ఏదైనా కనబడితే ఆ కరెంటు వేరే న్యూట్రల్‌లో తిరిగి వస్తోందన్నమాట. 2వ సర్క్యూట్‌లో కూడా అంతే విలువ కనబడాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ లాగే కరెంటు మామూలు క్లాంప్ మీటరుకు తెలియనంత చిన్నది. పరీక్షకు 60 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి, 0.26 ఆంపియర్లు స్పష్టంగా కనబడుతుంది. ఏ న్యూట్రల్ ఏ సర్క్యూట్‌దో ముందే తెలిసి ఉండాలి. లింకులో న్యూట్రళ్లు ఎంసీబీల వరుసలో లేకపోతే ఈ సందర్భంలోనే సర్దించుకోండి.

మెయిన్ ఆపి చేసే పరీక్ష కావాలంటే: 2, 3 సర్క్యూట్ల ఫేజ్, న్యూట్రల్ వైర్లు నాలుగూ డీబీ నుంచి విడదీసి, మిగతా లైట్లు, ఫ్యాన్ల స్విచ్చులన్నీ ఆపి, అదే ఫిలమెంటు బల్బు ఉండగా 3 ఫేజ్‌కూ 2 న్యూట్రల్‌కూ మధ్య ఓములు చూడండి. ఒక స్థానంలో మెట్ల స్విచ్చు వేస్తే సుమారు 70 ఓములు, మార్చితే తెగినట్టు చూపిస్తుంది. 3 ఫేజ్‌కూ 3 న్యూట్రల్‌కూ మధ్య ఏమీ చూపించకూడదు. అలా వస్తే సందేహమే లేదు.

పరిష్కారం మూడు రకాలు. పైనుంచి 3వ సర్క్యూట్ న్యూట్రల్ కొత్తగా లాగడం అన్నిటికన్నా శుభ్రమైనది, పైపులో చోటుంటే. రెండోది, మెట్ల స్విచ్చుకు ఫేజ్‌ను 2వ సర్క్యూట్ నుంచి ఇవ్వడం. ఇది చాలాచోట్ల కింది స్విచ్‌బోర్డులోనే అయిపోతుంది, ఎందుకంటే ఆ బోర్డులో 2వ ఫేజ్ ఎలాగూ ఉంటుంది. ఫేజ్ వచ్చే చివర, లైటుకు వెళ్లే చివర ఏవేవో చూసి మార్చాలి. మూడోది, లైటింగు లోడు తక్కువగా ఉంటే 2, 3 సర్క్యూట్లు రెంటినీ ఒకే 6 ఆంపియర్ల ఎంసీబీ కిందికి తేవడం. ఇరవై ఎల్‌ఈడీలు, ఆరు ఫ్యాన్లు కలిపినా మూడు ఆంపియర్లు దాటదు. అప్పుడు ఒక్క ఎంసీబీ ఆపితే రెండూ చచ్చిపోతాయి, అరువు అనేది ఉండదు. నష్టమల్లా ఎంసీబీ పడితే పైనా కిందా ఒకేసారి చీకటవడమే.

ఏదీ చేయకుండా ముందు ముందు ప్రతి సర్క్యూట్‌కూ విడి ఆర్‌సీబీవో (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ ఒకదాంట్లోనే ఉన్న స్విచ్చు) పెట్టిస్తే మాత్రం మెట్ల లైటు వేసిన ప్రతిసారీ పడతాయి. ఇప్పుడు ఇంటికంతా ఒకే ఆర్‌సీసీబీ ఉంది కాబట్టే ఇది బయటపడలేదు.

పాత_బోర్డు

అందరికీ ధన్యవాదాలండీ. 1వ ఎంసీబీ ఆపే ఉంచాం. ఎలక్ట్రీషియన్ కొలిచినవి ఇవి.

ఎర్త్: గొయ్యి దాకా వైరు ఉంది. మెయిన్ ఆపి, జంపర్ విప్పి, లూప్ టెస్టర్‌ను ఐసోలేటర్ పైభాగంలో పెట్టి చూస్తే 260 ఓములు. గొయ్యి దగ్గర క్లాంపు తుప్పుపట్టి ఉంది. గీకి శుభ్రం చేసి కొత్త క్లాంపు బిగించాక 38 ఓములు.

మోటారు: 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) ఫేజ్, న్యూట్రల్ కలిపి ఎర్త్‌కు 0.01 మెగాఓములు. మోటారు దగ్గర కేబుల్ విడదీస్తే కేబుల్ ఒక్కటే 50 మెగాఓములకు పైన.

టేపు చుట్టిన పసుపు వైరు: తక్కువ ఇంపెడెన్స్‌లో 84 కాస్తా 1 వోల్టు లోపుకు పడిపోయింది.

4వ ఎంసీబీలో పసుపు వైరు గేటు లైటుకు వెళ్తోంది. దాన్ని తీసి 3వ ఎంసీబీలో, 6 ఆంపియర్ల దాంట్లో, పెట్టేస్తే సరిపోతుందా? మోటారును ఆర్‌సీసీబీ కిందికి తెస్తే పడిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నారు, ఏం చేయాలి? ఎర్త్‌కు 38 ఓములు చాలా?

రాగి_తీగ

జంపర్ వరుస విషయంలో మెగ్గర్_500 గారు చెప్పిందే సరైనది. మోటారు బైపాస్‌నూ జంపర్‌నూ కలిపి చూడాలి.

గేటు లైటు వైరును అలాగే తీసి 3లో పెట్టకండి. ముందు దాని న్యూట్రల్ ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఫేజ్ సాకెట్ల ఎంసీబీలో ఉందంటే న్యూట్రల్ దారిలో ఉన్న ఏ సాకెట్ బాక్సు నుంచో తీసుకొని ఉండొచ్చు. ఫేజ్ ఒక్కటే 3కు మార్చితే ఇంకో అరువు న్యూట్రల్ తయారవుతుంది. న్యూట్రల్ విడిగా డీబీ దాకా వస్తుంటే ఫేజూ న్యూట్రలూ రెంటినీ కలిపి మార్చండి. ఎంసీబీ టెర్మినల్‌లో రెండు వైర్లు దూర్చకుండా, లివర్ కనెక్టర్‌లో కలిపి అక్కడి నుంచి ఒకే 1.5 వైరు ఎంసీబీకి ఇవ్వండి. న్యూట్రల్ సాకెట్ నుంచే వస్తుంటే, ఆ సాకెట్ దగ్గరే 3 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న యూనిట్ పెట్టి, గేటు లైటు ఫేజ్‌ను దాని ద్వారా ఇచ్చి, డీబీ నుంచి వచ్చే పసుపు వైరును రెండు కొసలా తీసేయండి. 1.0 వైరుకు 3 ఆంపియర్ల ఫ్యూజు చక్కగా సరిపోతుంది.

గోధుమరంగుకు తిరిగిన న్యూట్రల్‌ను మరిచిపోకండి. తొడుగు కాలిన మేర కత్తిరించి, రాగి మెరిసే చోటు నుంచి కొత్తగా చెక్కాలి. నల్లబడ్డ రాగిని అలాగే బిగిస్తే మళ్లీ వేడెక్కుతుంది. పోగుల వైరైతే ఫెర్రూల్ (కొసకు తొడిగే లోహపు గొట్టం) వేసి నొక్కండి, సీసం (సోల్డర్) మాత్రం పూయవద్దు. స్క్రూ ఒత్తిడికి సీసం మెల్లగా జారి మళ్లీ వదులవుతుంది. ఆ ఆర్‌సీసీబీ స్క్రూ చుట్టూ ప్లాస్టిక్ కూడా రంగు మారి ఉంటే ఆర్‌సీసీబీనే మార్చేయండి. బిగింపు ఎంతుండాలో ఎంసీబీ మీదో, దాని కాగితంలోనో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. టార్క్ స్క్రూడ్రైవర్‌తో అంతే బిగించి, ఒక్కో వైరునూ లాగి చూడండి.

మెగ్గర్_500

38 ఓములు ఆర్‌సీసీబీ ఉన్న ఇంటికి చాలు. 30 మిల్లీఆంపియర్లు × 38 ఓములు అంటే 1.1 వోల్టులు. బాడీ మీద 50 వోల్టులు దాటకూడదన్న లెక్కలో 1,667 ఓముల దాకా చెల్లుతుంది గానీ, 200 దాటిన ఎర్త్ ఎండా వానలకు నిలకడగా ఉండదు. అయితే 38 ఓములకు లోపం కరెంటు 6 ఆంపియర్లే. ఎంసీబీని పడగొట్టేంత కాదు. కాబట్టి ఈ ఇంట్లో ఏ సర్క్యూట్ కూడా ఆర్‌సీసీబీని తప్పించుకొని ఉండకూడదు.

మోటారు విషయంలో మీ ఎలక్ట్రీషియన్ చెప్పింది కరెక్టే, అది పడుతుంది. 0.01 మెగాఓములు అంటే 10,000 ఓములు. 230ని దానితో భాగిస్తే 23 మిల్లీఆంపియర్లు. ఆర్‌సీసీబీ పడే పరిధిలోనే ఉంది. ఉండాల్సింది కనీసం 1 మెగాఓము. కేబుల్ బాగుంది కాబట్టి లోపం మోటారులోనో, దాని టెర్మినల్ బాక్సులోనో ఉంది. ముందు టెర్మినల్ బాక్సు విప్పి చూడండి. తడి చేరి ఉండటం, కెపాసిటర్ వైరు తొడుగు ఊడి బాడీకి ఆనటం చాలా మామూలు. తుడిచి ఆరబెట్టి, గ్లాండ్ (కేబుల్ లోపలికి దూరే చోటి బిగింపు), గాస్కెట్ మార్చి మళ్లీ మెగ్గర్ చేయండి. అప్పటికీ విలువ పైకి రాకపోతే వైండింగు పోయినట్టే, రీవైండింగుకు ఇవ్వాలి. లీకు తగ్గేదాకా మోటారు ఆగే ఉండాలి, మళ్లీ బైపాస్ మాత్రం వద్దు.

మెగ్గర్ చేసేటప్పుడు ఆ సర్క్యూట్‌లో ఎలక్ట్రానిక్ స్టార్టర్, నీటిమట్టం కంట్రోలర్ లాంటివి ఉంటే విడదీయాలి. 500 వోల్టుల డీసీకి అవి పాడవుతాయి.

మోటారు బాగయ్యాక 1వ ఎంసీబీకి ఐసోలేటర్ నుంచి వచ్చే ఎర్ర వైరు తీసేయండి. కత్తిరించిన బస్‌బార్ పట్టీని అతకడానికి చూడకండి. ఆరు ఎంసీబీలకూ సరిపోయే కొత్త పట్టీ వేయాలి, కత్తిరించిన కొసకు మూత ఉండాలి. మోటారు న్యూట్రల్ లింకులోకి వస్తుంది, ఎంసీబీ వరుసలో మొదటి స్క్రూ కిందికి.

జంపర్ ఇప్పటికే విప్పారు కాబట్టి మళ్లీ బిగించవద్దు. ఇంకెక్కడైనా న్యూట్రల్, ఎర్త్ కలుస్తున్నాయేమో కూడా ఒకసారి చూడాలి. మెయిన్ ఆపి, ఉపకరణాల ప్లగ్గులన్నీ పీకి, గీజర్, ఏసీ స్విచ్చులు ఆపి, న్యూట్రల్ లింకుకూ ఎర్త్ బార్‌కూ మధ్య మెగ్గర్ చేయండి. 1 మెగాఓముకు తక్కువ వస్తే న్యూట్రళ్లు ఒక్కొక్కటీ లింకు నుంచి తీస్తూ ఏది తీస్తే విలువ ఎగురుతుందో చూడాలి. ఒక సాకెట్ బాక్సులో న్యూట్రల్, ఎర్త్ పిన్నుల్ని కలిపేసిన చిన్న వైరు ఉన్నా ఇక్కడ పట్టుబడుతుంది. డీబీలో జంపర్ వేసినవాళ్లు సాకెట్లలో కూడా వేసి ఉండే అవకాశం ఎక్కువ.

మూత బిగించే ముందు ఆర్‌సీసీబీ టెస్టర్‌తో కొలిపించండి. 15 మిల్లీఆంపియర్ల దగ్గర పడకూడదు, 30 దగ్గర 300 మిల్లీసెకన్లలోపు, 150 దగ్గర 40 మిల్లీసెకన్లలోపు పడాలి. కరెంటును మెల్లగా పెంచుతూ పోయే ర్యాంప్ పరీక్షలో సాధారణంగా 20, 25 మధ్య ఎక్కడో పడుతుంది.

క్లాంప్_మీటర్

ఒక్కటి కలుపుతాను. మెట్ల లైటు సరిచేసేదాకా డీబీ మూత లోపల, 2, 3 ఎంసీబీల పక్కన "2, 3 రెండూ ఆపాకే లైట్ల పని" అని రాసి అంటించండి. సరిచేశాక ఫిలమెంటు బల్బుతో క్లాంప్ పరీక్ష మళ్లీ చేసి, రెండు సర్క్యూట్లలోనూ సున్నా వచ్చాకే ఆ చీటీ తీయండి.

పాత_బోర్డు

టెర్మినల్ బాక్సు విప్పితే అడుగున నీళ్లు ఉన్నాయి, కేబుల్ గ్లాండ్ రబ్బరు పగిలింది. ఆరబెట్టాక మెగ్గర్ విలువ 6 మెగాఓములు. గ్లాండ్, గాస్కెట్ మార్చి, మోటారును ఆర్‌సీసీబీ కిందికి తెచ్చారు. న్యూట్రల్–ఎర్త్ మెగ్గర్‌లో ముందు దాదాపు సున్నా వచ్చింది. న్యూట్రళ్లు ఒక్కొక్కటీ తీస్తూ పోతే 4వది తీయగానే విలువ ఎగిరింది, వంటగది సాకెట్లో నిజంగానే ఒక లూపు వైరు దొరికింది. అది తీశాక గీజర్, ఏసీ, మోటారు మూడూ కలిపి వేసినా పడలేదు. గేటు లైటు న్యూట్రల్ కూడా అదే సాకెట్ నుంచి వస్తోంది, అక్కడ 3 ఆంపియర్ల ఫ్యూజు యూనిట్ పెడుతున్నారు. మెట్ల లైటు ఫేజ్ కింది బోర్డులోనే మార్చడానికి వీలుందట. అదయ్యాక క్లాంప్ విలువలు ఇక్కడే పెడతాను.